బెస్సీది ఏ జిల్లా?

పేరిందేవి "అలాగేనండీ" అన్న మాటను ఇంట్లోకన్నా మైకు ముందే ఎక్కువసార్లు అని ఉంటుంది. ఇంట్లో అనవలసిన సందర్భాలు తక్కువని కాదు. ఇంట్లో అంటే నమ్మేవాళ్లు లేరు.

ఆవిడ డబ్బింగ్ కళాకారిణి. ఈ సంగతి యూసుఫ్‌గూడలో వాళ్ల అపార్ట్‌మెంటు వాళ్లకే సరిగ్గా తెలియదు. ఏ దేశపు సినిమా తెలుగులోకి వచ్చినా, అందులో పనిమనిషి ట్రే పట్టుకుని వచ్చిందంటే ఆ గొంతు పేరిందేవిది. "డాక్టరుగారు వస్తున్నారు" అనే నర్సు ఆవిడే. ఓడ మునిగినా, కొండ విరిగినా, రాక్షసబల్లి ఊరి మీద పడినా గుంపులోంచి "అయ్యో, పిల్లలు, పిల్లలు!" అని వినిపించేది ఆవిడే. కథానాయికకు గొంతిచ్చే అమ్మాయికి తేనె కలిపిన వేణ్ణీళ్లు, కూర్చోవడానికి మెత్తటి కుర్చీ. పేరిందేవికి మాత్రం, "మీవి రెండే ముక్కలు కదండీ, నిలబడి కానిచ్చేయండి."

తెర మీద ఆవిడ పేరు ఎప్పుడూ పడలేదు. అందరి పేర్లూ అయ్యాక "తదితరులు" అని వస్తుంది. హాల్లో ఆ మాట రాగానే భర్త భీమశంకరం మోచేత్తో పొడిచేవాడు.

"అదుగోనోయ్, నీ పేరొచ్చింది."

"మెల్లిగా అనండి. పక్కనున్న తదితరులు వింటారు," అనేది ఆవిడ.

అలా నవ్వేసేది గాని, లోపల ఒక కోరిక ఉండేది. ఒక్క వాక్యం. మధ్యలో ఓసారి ఆగి ఊపిరి తీసుకోవలసినంత పొడుగాటి వాక్యం. ఇన్నేళ్లలో ఆవిడకు దొరికిన మాటలన్నీ సగం ఊపిరికే అయిపోయేవి. మిగిలిన సగం ఊపిరీ ఇంటికి తెచ్చుకుని భీమశంకరం మీద ఖర్చు పెట్టేది. ఈమధ్య మరీ గొంతెత్తితే బొంగురుపోతోంది. ఈ ఏడో, మహా అయితే వచ్చే ఏడో. ఆ తరవాత "అలాగేనండీ" అన్నా నర్సుకు జలుబు చేసినట్టుంటుంది.

అలాంటి రోజుల్లో డబ్బింగ్ దర్శకుడు ప్రభంజన్ ఫోన్ చేశాడు.

"పేరిందేవి గారూ, పాత హాలీవుడ్ నేరకథ ఒకటి. నలుపు తెలుపు. ప్రపంచ సినీరత్నాల తెలుగీకరణ మండలి వాళ్లు చేయిస్తున్నారు. మీకు బెస్సీ అనే పాత్ర."

"పేరుంది!" అంది పేరిందేవి ఆశ్చర్యంగా. "పేరున్న పాత్రే? ఏం చేస్తుందండీ?"

"తలుపు తీస్తుందండీ."

"తీసి?"

"వేస్తుంది."

* * *

ఆ సినిమాకు మండలి వారు పెట్టిన పేరు 'తడిసిన టోపీ'. స్టూడియోలో మొదటిరోజు దాన్ని అమెరికన్ గొంతులతోనే ఓసారి వేసి చూపించారు. చాలా మంచి సినిమా. అందులో ఎప్పుడూ వాన కురుస్తూనే ఉంటుంది, అయినా ఎవరింట్లోనూ బట్టలు ఆరేసిన జాడ ఉండదు. ఊళ్లో మగవాళ్లంతా పడుకునేటప్పుడు తప్ప టోపీ తియ్యరు. వాల్డన్ అనే కోటీశ్వరుణ్ణి ఎవరో తోటలో పొడిచి చంపుతారు. అతని భార్య గ్లోరియా నల్ల మేలిముసుగు వేసుకుని సిగరెట్టు కాలుస్తూ దుఃఖిస్తుంది. విక్ అనే నైట్‌క్లబ్బు యజమాని ఆవిణ్ణి ఓదారుస్తాడు. హ్యారీ అనే డిటెక్టివ్ హంతకుడి కోసం ఊరంతా వెతుకుతాడు.

అంత పెద్ద ఊళ్లో తెల్లవాళ్లు కానిది ఒక్క మనిషే. వాల్డన్ ఇంట్లో పనిచేసే నల్లజాతి ఆవిడ, బెస్సీ.

పేరిందేవి చూపు మొదటినుంచీ ఆవిడ మీదే ఉంది. వాల్డన్‌ని తోటలో పొడిచిన విక్ చుట్టూ తిరిగి వచ్చి, అప్పుడే వచ్చినవాడిలా వీధి తలుపు కొడతాడు. బెస్సీ తలుపు తీస్తుంది. తడిసిన టోపీ అందుకుంటుంది. విక్ చొక్కా చేతి అంచున ఏదో మరక. బెస్సీ దాన్ని చూస్తుంది. రెప్ప కొట్టేంతసేపు. కెమెరా ఆవిణ్ణి వదిలేసి గ్లోరియా చెవి లోలకుల మీదికి వెళ్లిపోతుంది.

ఆ తరవాత హ్యారీ మంగలిని అడుగుతాడు. టాక్సీవాణ్ణి అడుగుతాడు. పూలమ్మేదాన్ని అడుగుతాడు. ఒకచోట ఏమీ తోచక వాల్డన్ ఇంట్లో పంజరం దగ్గర నిలబడి చిలకను కూడా అడుగుతాడు. అతను అడుగుతున్నంతసేపూ బెస్సీ కాఫీ తెచ్చిపెడుతూనే ఉంటుంది.

"ఈవిణ్ణెందుకు అడగడండీ?" అంది పేరిందేవి ఉండబట్టలేక.

"అడిగితే సినిమా పది నిమిషాల్లో అయిపోతుందండీ," అన్నాడు ప్రభంజన్.

"అయిపోతే ఏం? వాళ్లూ బట్టలు ఆరేసుకుందురు."

ప్రభంజన్ నవ్వుతుండగానే తలుపు తెరుచుకుంది. మండలి అధ్యక్షులు గరుడాచలం గారు వేంచేశారు.

* * *

గరుడాచలం గారు పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి. పదవి ఆయన్ని వదిలింది గాని ఆయన పదవిని వదలలేదు. ఇంట్లో పప్పులో ఉప్పు చాలకపోయినా "సదరు పప్పునందు" అని మొదలుపెడతారని ప్రతీతి. ఆయన వెనక ముగ్గురు సభ్యులు వచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి అప్పలసూరి, కడప వైపు నుంచి ఓబులేసు, కరీంనగర్ వైపు నుంచి సాయిలు. ముగ్గురూ తెలుగు యాసల పరిరక్షణకు జీవితాలు అంకితం చేసినవాళ్లు. అందుకని ఒకరి యాస ఒకరు చెవిన పడనిచ్చేవాళ్లు కాదు.

గరుడాచలం గారి చేతిలో ఓ పేపరు ముక్క ఉంది.

"పాత హాలీవుడ్ నేరచిత్రములందు వైవిధ్యము, ప్రాతినిధ్యము బొత్తిగా లేవని అమెరికాలో పండితులు ఘోషించుచున్నారు," అన్నారాయన. "ఒకే రకము మనుషులు చంపుకొనుట, ఒకే రకము మనుషులు పట్టుకొనుట. ఇది ఘోరము. వారు చేసిన తప్పిదమును మన మండలి తెలుగులో సవరించవలెనని నిర్ణయించడమైనది."

ప్రభంజన్ ముఖం వెలిగింది. "చాలా మంచి మాట సార్. ఇదిగో, ఈ బెస్సీ పాత్ర ఉంది. ఆ పండితులు చెప్పేది సరిగ్గా ఇలాంటివాళ్ల గురించే..."

"వ్యక్తిగత పాత్రల జోలికి మనము పోరాదు," అన్నారు గరుడాచలం గారు చెయ్యెత్తి. "మనది విధానపరమైన వైవిధ్యము. పాత్రలన్నియు ప్రాంతములవారీగా పంపిణీ చేయబడును. ఏ పాత్ర ఏ ప్రాంతమునకు దక్కునో ఆ పాత్ర ఆ యాసలో మాట్లాడును. ఆ విధముగా తెలుగువారందరికీ ఈ నేరమునందు సమాన భాగస్వామ్యము లభించును."

సభ్యులు చప్పట్లు కొట్టారు. తెర మీద బెస్సీ, ఆపేసిన బొమ్మలో, ట్రే పట్టుకుని నిలబడే ఉంది.

డిటెక్టివ్ హ్యారీ రాయలసీమకు వెళ్లాడు. గ్లోరియా ఉత్తరాంధ్రకు. పోలీసు కమిషనరు, పూలమ్మేదీ తెలంగాణకు. చిలక నెల్లూరుకు పడింది. నెల్లూరు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి అభ్యంతరం కూడా రాలేదు. అంతా సవ్యంగా సాగుతోంటే హంతకుడి వంతు వచ్చింది.

"విక్కు పాత్ర ఉత్తరాంధ్రకు..." అన్నారు గరుడాచలం గారు.

అప్పలసూరి లేచి నిలబడ్డాడు. "ఏటి బావూ, మావోళ్లు కూనీకోర్లలాగ కనబడతన్నారేటి మీకు? ముసుగేసుకు ఏడిసే ఆడమనిసీ మాదే, సంపినోడూ మాదేనా? ఆ హంతకుడు మాకొద్దు. నానొప్పుకోను."

"అయితే రాయలసీమకు..."

"అప్పుడే అనుకుంటి," అన్నాడు ఓబులేసు. "కత్తి కనపడితే సాలు, అందరికీ మేమే గెవనానికొస్తాము. యేందప్పా ఇది? మా కడపలో సంగీతం ల్యాదా, సాయిత్యం ల్యాదా? డిటెట్టివును ఇచ్చినారు, ఇంగ సాలు."

అందరూ సాయిలు వంక చూశారు.

"నా దిక్కు జూస్తరేంది సార్?" అన్నాడు సాయిలు. "ఇన్నేండ్ల సంది సిన్మలల్ల రౌడీలకు, తాగువోతులకు మా మాట వెట్టిన్రు. గిప్పుడు ఇంగ్లీషోళ్ల కూనీ గూడ మా నెత్తికేనా? గట్లెట్ల?"

న్యాయంగా చూస్తే ముగ్గురి మాటల్లోనూ నిజముందని పేరిందేవికి అనిపించింది. ఆవిడ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

చివరికి గరుడాచలం గారే మార్గం కనిపెట్టారు. హంతకుడు ఏ ప్రాంతానికీ చెందని గ్రాంథికంలో మాట్లాడతాడు. వారం తిరగ్గానే మైకు ముందు విక్ పాత్రధారి గొంతు సవరించుకుని, "ఓ గ్లోరియా! వానిని నేనే వధించితిని. నీవు సిగరెట్టును వెలిగింపుము," అన్నాడు. మర్నాడే పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు స్టూడియో మెట్ల మీద ధర్నాకు కూర్చున్నారు. శుద్ధభాష మాట్లాడేవారంతా హంతకులనే సందేశం బాలబాలికలకు వెళ్తుందని వాళ్ల బాధ. ధర్నాలో నినాదాలు కూడా ఛందోబద్ధంగా ఉండడం వల్ల, వాళ్లు ఏం కోరుతున్నారో పోలీసులకు సాయంత్రం దాకా బోధపడలేదు.

* * *

గ్రాంథికాన్ని తీసేశాక హంతకుడు ఎవరికీ కాకుండా పోయాడు. అందుకని సభ్యులందరినీ కూర్చోబెట్టి సినిమా మళ్లీ వేశారు, కనీసం ఇప్పుడైనా ఎవరికైనా జాలి కలుగుతుందేమోనని.

జాలి కలగలేదు గాని ఒక విషయం తెలిసింది. సినిమాలో అందరికన్నా ఎక్కువ మాటలు విక్‌కే ఉన్నాయి. మంచి కోటు విక్‌దే. పియానో వాయించేది విక్. చివర్లో వానలో నిలబడి, "నాకు ఈ ఊరు ఎప్పుడైనా ఏమైనా ఇచ్చిందా?" అని మూడు నిమిషాలు మాట్లాడి హాలంతటినీ ఏడిపించేదీ విక్కే. డిటెక్టివ్ హ్యారీకి ఉన్న మాటలల్లా "ఊఁ", "అలాగా", "కాఫీ ఉందా?"

దీపాలు వెలిగాయి.

"ఆ డిటెట్టివు మాటాడనే మాటాడడు గదప్పా," అన్నాడు ఓబులేసు మెల్లిగా. "మేము మోసపోయినాము."

"మా పూలమ్మేటామె ఒక్కపారి కనవడి పాయె," అన్నాడు సాయిలు. "హంతకుడు మా దిక్కోడైతే తప్పేంది? పొడిసిండు గని, ఎంత మంచిగ మాట్లాడిండు!"

"అన్నాయం బావూ! మొదట ఆడు మాకే వచ్చినాడు. పెద్దమనిసి తరహాలో వొద్దన్నాం గాని, హక్కు ఒదులుకోనేదు," అని అప్పలసూరి బల్ల గుద్దాడు.

అప్పటినుంచి ప్రతి ప్రాంతానికీ హంతకుడు కావాలి. మాకు అన్యాయం జరుగుతోందని, హంతకుడి పాత్రలో న్యాయమైన వాటా దక్కేదాకా పోరాటం ఆగదని మూడు వైపుల నుంచీ ప్రకటనలు వచ్చాయి. గరుడాచలం గారు రాజీ సూత్రం ప్రకటించారు. విక్ మొదటి భాగంలో శ్రీకాకుళం యాసలో ప్రేమిస్తాడు, రెండో భాగంలో కడప యాసలో బెదిరిస్తాడు, మూడో భాగంలో కరీంనగర్ యాసలో పశ్చాత్తాపపడతాడు. ప్రభంజన్ అలాగే చేయించి వినిపించాడు. డిటెక్టివ్ హ్యారీ ఒక్క మనిషిని పట్టుకున్నా ముగ్గురు దొరికినట్టుంది.

"ప్రేమించుట మాకెందుకు, పశ్చాత్తాపమే కావలె"నని అప్పలసూరి, "పశ్చాత్తాపం మాకెందుకు, బెదిరింపే కావలె"నని సాయిలు గొడవ మళ్లీ మొదటికి తెచ్చారు. ఈలోగా శవం సంగతి బయటపడింది. వాల్డన్ పాత్ర కోస్తాకు కేటాయించారట. కోస్తా సంఘం వాళ్లు వచ్చి, తమకు దక్కిన మనిషి తెర మీదికి వచ్చేటప్పటికే చచ్చిపోయి ఉన్నాడని, ఇది తమ నోరు నొక్కడమేనని మొరపెట్టుకున్నారు. శవానికి కనీసం ఒక్క డైలాగైనా ఉండాలన్నారు.

"సదరు శవము మాట్లాడుటలో గల సాధ్యాసాధ్యములు పరిశీలింపబడును," అన్నారు గరుడాచలం గారు.

ఇంత గొడవలో సమయం సరిపోవడం లేదని, ఏదైనా పాత్ర తగ్గిస్తే మంచిదని ఒక సమావేశంలో అనుకున్నారు. ఏ ప్రాంతమూ అడగని పాత్ర ఏదైనా ఉందా అని గరుడాచలం గారు విచారించారు. ఉంది.

"బెస్సీ అనునది అనాథ పాత్ర. కోరినవారు లేరు. తొలగించినచో నష్టపోవు ప్రాంతము లేదు," అన్నారాయన. "తొలగింపుకు ప్రతిపాదించడమైనది."

గోడ పక్కన కుర్చీలో పేరిందేవి కూర్చునే ఉంది. ఆవిడ ఎదుటే బెస్సీని తీసేద్దామనుకున్నారు.

* * *

ఆ సాయంత్రం పేరిందేవి వంకాయలను పచ్చడికన్నట్టు సన్నగా తరుగుతూనే ఉంది. అది గమనించి భీమశంకరం టీవీ గొంతు తగ్గించాడు.

"ఏమైందోయ్?"

"నన్ను తీసేస్తారటండీ."

"దేన్నుంచి?"

"తదితరుల్లోంచి."

భీమశంకరం నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానేశాడు. "పోనీలే. తలుపు తీసి వెయ్యడమేగా. మనింట్లో తీస్తూనే ఉన్నావు."

"అది కాదండీ. ఆవిడ చూసింది. మరక చూసింది. చూసినట్టు తెలిసేలా, ఆవిడకున్న ఒకే ఒక్క మాట 'అలాగేనండీ' ఎలా అనాలో ఇన్నాళ్లుగా అనుకుంటున్నాను. వంకాయలు తరుగుతూ కూడా అదే. ఎవరికీ అక్కర్లేదని అంటారేమిటి? ఊరంతా ఎవరు చంపారా అని వెతుకుతోంటే, తెలిసిన మనిషి ఎవరికీ అక్కర్లేకపోవడమేమిటి?"

భీమశంకరం టీవీ కట్టేశాడు. భార్య అంత పొడుగ్గా మాట్లాడినంతసేపూ, మధ్యలో ఎప్పుడు ఊపిరి తీసుకుంటుందా అని చూస్తూనే ఉన్నాడు.

"కూర్లో కారం తగ్గించెయ్," అన్నాడు చివరికి. "నీకు గొంతుతో పనిబడుతుంది."

* * *

మొదటి ఆట తేదీ ముందే ఖాయమైపోయింది. ముఖ్య అతిథిగా మంత్రిగారు వస్తున్నారు, విదేశీ ప్రతినిధులు వస్తున్నారు. హాలు బయట మంత్రిగారి బొమ్మ కూడా కట్టేశారు. ఇంక సినిమా ఆగినా ఆగొచ్చు గాని ఆ బొమ్మను దింపే ధైర్యం ఎవరికీ లేదు. తేదీ దగ్గరపడేకొద్దీ తగాదాలు పెరిగాయి. చివరికి గరుడాచలం గారు తనను ఉద్యోగ జీవితంలో ఎన్నోసార్లు ఆదుకున్న ఆయుధాన్నే బయటికి తీశారు.

"తుది నిర్ణయము వెలువడువరకు యథాతథ స్థితి!" అన్నారు. "వివాదమందున్న పాత్రలన్నింటి సంభాషణలు నిలుపుదల చేయడమైనది. ఎవ్వరూ మాట్లాడరాదు. ఏ పాత్రనూ చేర్చరాదు, తొలగించరాదు."

ప్రభంజన్ తల పట్టుకున్నాడు. "సార్, హ్యారీ వివాదంలో ఉన్నాడు. గ్లోరియా ఉంది. విక్ ఉన్నాడు. శవం కూడా ఉంది. ఇంక మాట్లాడేదెవరు?"

"నిశ్శబ్దమునందును వైవిధ్యము గలదు," అన్నారు గరుడాచలం గారు.

అప్పుడు గోడ పక్కనుంచి పేరిందేవి లేచింది. చేతులు కట్టుకుని, సినిమాలో బెస్సీ ట్రే పట్టుకుని నిలబడినంత వినయంగా నిలబడింది.

"ఏ పాత్రనూ తొలగించకూడదంటే, బెస్సీ ఉన్నట్టేనాండీ?"

"ఉన్నట్టే."

"ఆవిడ మీద వివాదమేమైనా ఉందాండీ?"

గరుడాచలం గారు సభ్యుల వంక చూశారు. ముగ్గురూ ఆ పేరు ఎక్కడో విన్నట్టుందే అనే ముఖాలు పెట్టారు.

"లేదు," అన్నారాయన.

"మరి వివాదం లేనివాళ్లు మాట్లాడితే తప్పాండీ?"

"వివాదము లేనిచో అభ్యంతరమెక్కడిది? అయితే ఎంతసేపు అన్న ప్రశ్న ఉత్పన్నమగును..."

"మీ ఉత్తర్వుల్లో దాని మీద ఏమైనా ఉందాండీ?"

లేదు. లేనిదాన్ని ఉందని చెప్పడం గరుడాచలం గారి వల్ల కాదు. ఆ విషయంలో ఆయన నిజాయితీని శత్రువులు కూడా ఒప్పుకుంటారు.

బయటికి వచ్చాక ప్రభంజన్ గాబరాపడ్డాడు. "పేరిందేవి గారూ, తెర మీద బెస్సీ ఉండేదే కాసేపు. మిగతాచోట్ల ఆవిడ పెదాలు కనపడవు కదండీ."

"వంటింట్లోంచి మాట్లాడేవాళ్ల పెదాలు ఎవరు చూస్తారండీ?" అంది పేరిందేవి. "వేణ్ణీళ్లు కాస్త తెప్పించండి. తేనె కూడా."

* * *

మొదటి ఆటనాడు హాలు నిండింది. తెర మీద పేర్లు మొదలయ్యాయి. గౌరవాధ్యక్షులు, అధ్యక్షులు, సభ్యులు, ఉపసంఘాల సభ్యులు, చాలాసేపు పడ్డారు. తరవాత గొంతులిచ్చినవారు అని వచ్చింది. గొంతులన్నీ నిలుపుదలలో ఉన్నాయి కాబట్టి దాని కింద ఒక్కటే పేరు. తరవాత "తదితరులు" కూడా లేదు.

భీమశంకరం మోచేత్తో పొడవలేదు. చెయ్యి పట్టుకున్నాడు.

వాన. ఇల్లు. ఎవరో తలుపు కొట్టారు. నల్లజాతి ఆవిడ ఒకరు వచ్చి తలుపు తీసింది. హాలంతా ఒక గొంతు వినిపించింది. పెద్ద గొంతేం కాదు. పక్కింటి పిట్టగోడ మీదినుంచి మాట్లాడుతున్నట్టుంది.

"నా పేరు బెస్సీ, ఈ ఇంట్లో తలుపు తీసేదీ నేనే, వేసేదీ నేనే, ఇదుగో తడిసిన టోపీ నా చేతిలో పెట్టి ఏటీ తెలీనట్టు లోపలికి పోతున్నాడే విక్కని, ఈ మహానుభావుడే ఇప్పుడే మా అయ్యగార్ని తోటలో పొడిచేసి వస్తున్నాడు," అని పేరిందేవి ఆగింది. హాలంతటికీ వినపడేలా ఊపిరి తీసుకుంది. "చొక్కా చేతికి నెత్తురుంది చూడండి, రేపు ఉతకాల్సింది నేనే గనక నాకు కనపడింది గాని, ఈ సంగతి నన్ను అడిగేవాళ్లు మాత్రం ఎవరూ లేరు, కావాలంటే కూచుని చూస్తూ ఉండండి."

హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోయాక నేరకథ ఎవరు చూస్తారని గరుడాచలం గారు కంగారుపడ్డారు. కాని ఒక్కరు కూడా లేవలేదు. అందరూ ఒక్కదానికోసమే కాచుకు కూర్చున్నారు. ఈ డిటెక్టివు ఆవిణ్ణి ఎప్పుడు అడుగుతాడా అని.

హ్యారీ పెదాలు కదిలాయి, మాట రాలేదు. బెస్సీ కాఫీ తెచ్చింది.

"కాఫీ బాగుందన్నట్టు తల ఊపుతున్నాడు. అదొక్కటీ తెలుసుకున్నాడు. యాడ తిరిగొచ్చాడో, బూట్లనిండా బురద, తుడిచేది నేనే."

"అడుగవయ్యా ఆవిణ్ణి!" అని ముందు వరసలోంచి ఎవరో అరిచారు.

హ్యారీ మంగలి దగ్గరికి వెళ్లాడు. హాలు మూలిగింది. టాక్సీవాడి దగ్గరికి వెళ్లాడు. ఈలలు పడ్డాయి. పంజరం దగ్గరికి వెళ్లి చిలకముందు వంగేసరికి మంత్రిగారే కుర్చీలోంచి సగం లేచి, "పక్కనే ఉంది కదయ్యా!" అనేశారు.

"గిట్ల చిలకను అడుగుతున్నాడు," అంది బెస్సీ గొంతు నింపాదిగా. "అది చెప్పదు. దానికి తిండి పెట్టేది నేను."

చివర్లో విక్ వానలో నిలబడి మూడు నిమిషాలు పెదాలు కదిపాడు. ఆ మూడు నిమిషాలూ బెస్సీ ఏమీ అనలేదు. "చెప్పుకోనీ పాపం, ఆయన మాట వినేవాళ్లున్నారు," అని మాత్రం ఒకసారి అంది. హ్యారీ అతన్ని పట్టుకుని, వెళ్లబోతూ బెస్సీ చేతిలోంచి తన టోపీ అందుకుని, వెళ్లొస్తానన్నట్టు తలాడించాడు.

"అలాగేనండీ," అంది బెస్సీ.

ముప్పయ్యేళ్లుగా అంటున్న ఆ మాటకు హాలు లేచి నిలబడింది.

మంత్రిగారు వేదికెక్కి, ఇంతటి వైవిధ్యం తమ జీవితంలో చూడలేదన్నారు. గరుడాచలం గారు వంగి వంగి నమస్కారాలు చేశారు.

* * *

వారంలోపే మండలి అత్యవసరంగా సమావేశమైంది. పేరిందేవికి కూడా కబురు వచ్చింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని వెళ్లింది. గోడ పక్కన అదే కుర్చీ.

విషయం ఒక్కటే. బెస్సీది ఏ జిల్లా?

"ఆవిడ 'ఏటీ' అంది. సెవులారా ఇన్నాను. బెస్సీ ముమ్మాటికీ మా శ్రీకాకుళం ఆడపడుసు," అన్నాడు అప్పలసూరి.

"ఏటీ అనేది పెతివాడూ అంటాడు. 'యాడ' అనింది సూడు, అది యాడిదో చెప్పు! బెస్సీ మా కడప మనిసి," అన్నాడు ఓబులేసు.

"'గిట్ల' అన్నది ఇనలేదా సార్? మా బెస్సీని మాకు గాకుంట జేస్తే ఊకునేది లేదు," అన్నాడు సాయిలు.

పేరిందేవి తండ్రి రైల్వేలో పనిచేశాడు. ఆవిడ పలాసలో పుట్టింది, ఎర్రగుంట్లలో పలక పట్టింది, కాజీపేటలో పదో తరగతి చదివింది, గోదావరి జిల్లా మనిషిని చేసుకుంది. ఎక్కడ రైలాగితే అక్కడి మాట నోటికి అంటుకుంది. ఇదంతా ఒక్క ముక్కలో చెప్పగలదు. ఎవరైనా అడుగుతారేమోనని కాసేపు చూసింది.

గరుడాచలం గారు బెస్సీ మూలాల నిర్ధారణకు ఉపసంఘం వేశారు. ఉపసంఘంలో చోటుకోసం మళ్లీ గొడవైంది. ఒకరు బెస్సీ విగ్రహం అన్నారు, ఒకరు బెస్సీ జయంతి అన్నారు. గొంతులు పెరిగాయి. పక్క స్టూడియోలో డబ్బింగ్ చేసుకుంటున్నవాళ్లు, ఇక్కడి అరుపులు తమ మైకుల్లో పడుతున్నాయని కబురు పంపారు.

గరుడాచలం గారు చికాగ్గా తల తిప్పి, గోడ పక్కనున్న ఆవిణ్ణి చూశారు.

"అమ్మా, మీరు కాస్త ఆ తలుపు వేసెదరా?"

"అలాగేనండీ," అంది పేరిందేవి.

లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, వెళ్లి తలుపు వేసింది. బయటినుంచి.